బార్‌బెల్ స్క్వాట్

బార్‌బెల్ స్క్వాట్ అనేది రెండు చివరలా బరువు పలకలు తొడిగిన ఇనుప కడ్డీని భుజాలపై గానీ, ఛాతీ పైభాగాన గానీ, తలపై గానీ మోస్తూ, తుంటి కీళ్ళను, మోకాళ్ళను వంచి క్రిందికి కూర్చుని తిరిగి లేచి నిలబడే వ్యాయామం. ఈ కడ్డీని బార్ అని, పలకలతో కూడిన మొత్తం పరికరాన్ని బార్‌బెల్ అని అంటారు. తొడలు, పిరుదులు, నడుము కండరాలను ఒకేసారి పనిచేయించే వ్యాయామాలలో ఇది ముఖ్యమైనది. పవర్ లిఫ్టింగ్ పోటీలలోని మూడు అంశాలలో ఇది మొదటిది. బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్ మిగిలిన రెండు. ఒలింపిక్ వెయిట్ లిఫ్టింగ్‌లో ఇది విడిగా పోటీ అంశం కాకపోయినా, ఆ క్రీడాకారుల సాధనలో దీనికి ప్రధాన స్థానం ఉంది.

ఈ వ్యాయామానికి సరైన భంగిమ ఏది అన్న విషయంలో శిక్షకుల మధ్య అభిప్రాయ భేదాలు ఉన్నాయి. వీపు వీలైనంత నిటారుగా ఉంచాలని కొందరు, పిరుదులను వెనక్కు నెట్టి ముందుకు వంగాలని కొందరు చెబుతారు. ఈ భేదాలలో చాలావాటికి మూలం బార్‌ను శరీరంపై ఉంచే చోటు. బార్ స్థానం మారితే మొండెం వాలు, మోకాళ్ళు ముందుకు వచ్చే దూరం, కీళ్ళపై పడే భారం అన్నీ మారతాయి. కాబట్టి ఒక స్థానానికి వర్తించే సూచనను మరొక స్థానానికి పాటించడం వలన వ్యాయామం చెడిపోవడమే కాక, గాయాలకు కూడా అవకాశం ఉంటుంది.

పేరు, దేశీయ వ్యాయామాలతో పోలిక

స్క్వాట్ అనే ఆంగ్ల పదానికి గొంతుక్కూర్చోవడం అని అర్థం. పొలంలో కలుపు తీసేటప్పుడు, అరుగు మీద మాట్లాడుకునేటప్పుడు తెలుగునాట పెద్దలు గంటల తరబడి ఈ భంగిమలో కూర్చోవడం వాడుకలో ఉన్న విషయమే. మన తాలింఖానాలలో దండీలతో పాటు తీసే బస్కీలు బరువు లేకుండా చేసే స్క్వాట్ వంటివే. బడిలో శిక్షగాను, వినాయకుని ముందు భక్తితోను తీసే గుంజీళ్ళలో కూడా కదలిక దాదాపు ఇదే.

అయితే బస్కీలకు, బార్‌బెల్ స్క్వాట్‌కు ఒక ముఖ్యమైన భేదం ఉంది. బస్కీలు వేగంగా, ఎక్కువ సంఖ్యలో తీస్తారు. దిగేటప్పుడు మడమలు పైకి లేచి బరువు మునివేళ్ళపైకి వస్తుంది. బార్‌బెల్ స్క్వాట్‌లో మడమలు నేలను వదలకూడదు. ఎక్కువ బరువుతో తక్కువ సార్లు చేయడం దీని పద్ధతి. వందల బస్కీలు తీసిన అనుభవం ఉన్నవారు కూడా బార్ ఎత్తుకున్నప్పుడు మొదటి నుండి నేర్చుకోవలసి రావడానికి ఇదే కారణం.

చరిత్ర

ఇరవయ్యవ శతాబ్దం ఆరంభంలో ఐరోపా, అమెరికా దేశాల వ్యాయామశాలలలో ఈ కదలికను ఎక్కువగా మునివేళ్ళపై నిలబడి, తక్కువ బరువుతో చేసేవారు. భారీ బరువుతో, పాదాలు నేలకు ఆనించి, పూర్తిగా క్రిందికి కూర్చునే పద్ధతికి అమెరికాలో ప్రచారం కల్పించినవారిలో హెన్రీ స్టైన్‌బోర్న్ ముఖ్యుడు. జర్మనీకి చెందిన ఈ మల్లుడు 1921లో అమెరికా చేరుకున్నాడు. బరువును భుజాలపైకి తెచ్చే ర్యాకులు లేని ఆ రోజులలో ఆయన బార్‌బెల్‌ను ఒక చివరపై నిలువుగా నిలబెట్టి, దాని ప్రక్కన వంగి, తన భుజాలపైకి వాల్చుకుని, స్క్వాట్ చేసి, తిరిగి అదే విధంగా నేలపై దించేవాడు. ఈ పద్ధతిని నేటికీ స్టైన్‌బోర్న్ స్క్వాట్ అంటారు.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో హెవీవెయిట్ విభాగంలో స్వర్ణ పతకం గెలిచిన అమెరికా క్రీడాకారుడు పాల్ ఆండర్సన్ సాధనలో స్క్వాట్ ప్రధానమైనది. ఆయన కీర్తితో పాటు ఈ వ్యాయామానికీ ప్రాచుర్యం పెరిగింది.

1961లో టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్ క్లైన్ లోతైన స్క్వాట్ వలన మోకాలి స్నాయుబంధనాలు వదులవుతాయని ప్రకటించాడు. దాని ప్రభావంతో అమెరికాలో అనేక మంది శిక్షకులు తొడలు నేలకు సమాంతరం కాకముందే ఆపివేయమని బోధించసాగారు. తరువాత జరిగిన పరిశోధనలలో క్లైన్ అభిప్రాయం ధ్రువపడలేదు. అయినా ఆ భయం చాలాకాలం నిలిచి ఉంది.

అంతర్జాతీయ పవర్ లిఫ్టింగ్ సమాఖ్య 1972లో ఏర్పడింది. గెలుపు ఓటములు కిలోలపై ఆధారపడే ఈ క్రీడలో, ఎక్కువ బరువు లేపడానికి వీలుగా బార్‌ను వీపుపై కొంచెం క్రిందికి దించి మోసే పద్ధతి స్థిరపడింది. వెయిట్ లిఫ్టింగ్ క్రీడాకారులు మాత్రం మెడ క్రింద ఎత్తుగా మోసే పద్ధతినే కొనసాగించారు. 2005లో మార్క్ రిప్పెటో, లాన్ కిల్‌గోర్ రచించిన స్టార్టింగ్ స్ట్రెంగ్త్ అనే పుస్తకం క్రొత్తవారికి కూడా క్రింది స్థానాన్నే సిఫారసు చేయడంతో ఈ రెండు పద్ధతుల మధ్య చర్చ సాధారణ వ్యాయామశాలలకు కూడా ప్రాకింది.

మూల సూత్రం

నిలబడిన వస్తువు పడిపోకుండా ఉండాలంటే దాని గరిమనాభి నుండి గీసిన నిలువు గీత ఆ వస్తువు ఆధారపీఠంలో పడాలని భౌతికశాస్త్రం చెబుతుంది. స్క్వాట్ చేసే మనిషికి ఆధారపీఠం పాదాలు. మనిషి, బార్ కలిసిన మొత్తానికి గరిమనాభి పాదం మధ్యభాగానికి సరిగ్గా పైన ఉన్నప్పుడు నిలకడ ఎక్కువ. బరువు పెరిగేకొద్దీ ఈ ఉమ్మడి గరిమనాభి బార్‌కు దగ్గరవుతుంది. కాబట్టి భారీ స్క్వాట్‌లో బార్ పాదమధ్యానికి నిలువుగా పైన ఉంటూ, దాదాపు సరళరేఖలో దిగి, సరళరేఖలో లేవాలి. బార్ ఎక్కడ ఉంచినా ఈ నియమం మారదు. మారేది శరీరం మాత్రమే.

బార్ పాదమధ్యం పైన ఉండగా తొడలు నేలకు సమాంతరంగా వచ్చినప్పుడు, మోకాళ్ళు ఆ నిలువు గీతకు ముందర, తుంటి కీళ్ళు వెనుక ఉంటాయి. గీత నుండి కీలు ఎంత దూరంలో ఉంటే ఆ కీలును తిప్పే శక్తి, అంటే బల భ్రామకం, అంత ఎక్కువ. బరువు తలుపును బందుల దగ్గర నెట్టడానికి, గడియ దగ్గర నెట్టడానికి గల తేడా వంటిదే ఇది.

ఒక లెక్క ద్వారా దీనిని అర్థం చేసుకోవచ్చు. సులువు కోసం శరీర బరువును వదిలి, బార్‌బెల్ 60 కిలోలు, తొడ పొడవు 42 సెంటీమీటర్లు అనుకుందాం. 60 కిలోల భారం సుమారు 588 న్యూటన్లు.

* బార్ ఎత్తుగా, తుంటి నుండి 45 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదనుకుందాం. తుంటి గీతకు 22 సెంటీమీటర్లు వెనుక, మోకాలు 20 సెంటీమీటర్లు ముందర ఉంటే, తుంటి వద్ద భ్రామకం సుమారు 129 న్యూటన్ మీటర్లు, మోకాలి వద్ద 118 న్యూటన్ మీటర్లు. మొండెం నిలువు నుండి సుమారు 29 డిగ్రీలు వాలుతుంది.
* బార్‌ను క్రిందికి దించి, తుంటి నుండి 38 సెంటీమీటర్ల దూరంలో ఉంచామనుకుందాం. తుంటి 27 సెంటీమీటర్లు వెనుక, మోకాలు 15 సెంటీమీటర్లు ముందర ఉంటే, తుంటి వద్ద భ్రామకం సుమారు 159, మోకాలి వద్ద 88 న్యూటన్ మీటర్లు. మొండెం వాలు సుమారు 45 డిగ్రీలు.

ఇవి రెండు కాళ్ళకు కలిపి చెప్పిన ఉజ్జాయింపు విలువలు. రెండు సందర్భాలలోనూ తుంటి దూరం, మోకాలి దూరం కలిపితే తొడ పొడవైన 42 సెంటీమీటర్లే వస్తుంది. అంటే బార్ స్థానం మార్చడం వలన భారం మాయం కాదు, ఒక కీలు నుండి మరొక కీలుకు మారుతుంది. స్క్వాట్ భంగిమల గురించిన వాదాలను పరిశీలించేటప్పుడు గుర్తుంచుకోవలసిన విషయం ఇదే.

బార్ స్థానాలు

హై బార్ స్క్వాట్

మెడ వంచినప్పుడు మెడ మొదట్లో ఒక వెన్నుపూస పొడుచుకు వచ్చినట్లు చేతికి తగులుతుంది. ఇది మెడలోని ఏడవ వెన్నుపూస. హై బార్ పద్ధతిలో బార్ ఈ ఎముకపై కాక, దానికి క్రింద ట్రెపీజియస్ కండరంపై ఉంటుంది. భుజాలను వెనక్కు లాగినప్పుడు ఈ కండరం మెత్తటి దిండు వలె ఉబ్బుతుంది. బార్ నేరుగా ఎముకపై ఒత్తుతూ నొప్పి కలిగిస్తే స్థానం తప్పని గ్రహించాలి. అటువంటప్పుడు బార్‌కు తువ్వాలు చుట్టడం కంటే బార్‌ను కొద్దిగా క్రిందికి జరపడం మంచిది.

ఈ పద్ధతిలో మొండెం కొంత నిటారుగా ఉంటుంది. మోకాళ్ళు వ్రేళ్ళ చివరలను దాటి ముందుకు రావడం సహజం. తొడ ముందరి కండరాలపై శ్రమ ఎక్కువ. చీలమండ బాగా వంగగలిగినవారికి ఇది సులువు. భుజాలు బిగుసుకుపోయినవారికి కూడా చేతులు పట్టుకోవడం ఇందులో తేలిక.

లో బార్ స్క్వాట్

ఇందులో బార్ పై స్థానం కంటే కొన్ని సెంటీమీటర్లు క్రిందుగా, భుజఫలకంపై అడ్డంగా తగిలే ఎముక గట్టుకు కొద్దిగా క్రింద, భుజాల వెనుక కండరాలపై ఆని ఉంటుంది. ఇక్కడ బార్ జారకుండా ఉండాలంటే మోచేతులను వెనక్కు ఎత్తి, భుజఫలకాలను దగ్గరకు బిగించాలి. మణికట్టు వెనక్కు విరగకుండా ముంజేతితో వరుసగా ఉండాలి. బరువును మోసేది వీపే గాని చేతులు కావు.

బార్ తుంటికి దగ్గరైనందున, దానిని పాదమధ్యం పైన నిలపడానికి మొండెం ఎక్కువగా ముందుకు వాలుతుంది. పిరుదులు వెనక్కు పోతాయి. మోకాళ్ళు తక్కువగా ముందుకు వస్తాయి. పిరుదుల కండరాలు, తొడ వెనుక కండరాలు, నడుము కండరాలపై శ్రమ ఎక్కువ. సాధన ఉన్నవారు ఈ పద్ధతిలో సాధారణంగా ఎక్కువ బరువు లేపగలుగుతారు. ఇందులో వీపును నిటారుగా ఉంచమని చెప్పడం సరికాదు. నిటారుగా ఉంచడానికి ప్రయత్నిస్తే బార్ పాదమధ్యానికి వెనుకకు పోయి, మనిషి వెనక్కు తూలుతాడు.

ఇక్కడ వాలుగా అన్న మాటకు, వంకరగా అన్న మాటకు తేడా గమనించాలి. వీపు ఎంత వాలినా వెన్నెముక తన సహజమైన ఒంపుతో, కదలకుండా బిగువుగా ఉండాలి. నడుము గుండ్రంగా వంగిపోవడం ఏ పద్ధతిలోనైనా దోషమే.

ఫ్రంట్ స్క్వాట్

బార్ మెడకు ముందర, జత్రుకలకు ఆనుకుని, భుజాల ముందరి కండరాలపై ఉంటుంది. మోచేతులు ముందుకు, పైకి ఎత్తి ఉంచడం వలన అక్కడ ఒక అర వంటిది ఏర్పడి బార్ నిలుస్తుంది. వ్రేళ్ళు బార్‌ను తాకి ఉంటే చాలు, పిడికిలి బిగించనవసరం లేదు. మణికట్టు వంగనివారు చేతులను ఛాతీ ముందు కత్తెర వలె పెట్టి బార్‌ను పట్టుకుంటారు.

మొండెం ఏ మాత్రం ఎక్కువ వాలినా బార్ ముందుకు జారిపోతుంది కనుక ఇందులో వీపు బాగా నిటారుగా ఉండక తప్పదు. మోకాళ్ళు ముందుకు వస్తాయి. వీపుపై మోసేదానికంటే తక్కువ బరువే సాధ్యమవుతుంది. 2009లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించిన అధ్యయనంలో ఫ్రంట్ స్క్వాట్ కండరాలను బ్యాక్ స్క్వాట్‌తో సమానంగా పనిచేయించిందని, మోకాలి కీలుపై నొక్కుడు బలం మాత్రం తక్కువగా ఉందని తేలింది.

ఓవర్‌హెడ్ స్క్వాట్

చేతులు వెడల్పుగా చాచి, మోచేతులు బిగించి, బార్‌ను తలపై ఎత్తి పట్టుకుని చేసే స్క్వాట్ ఇది. స్నాచ్‌లో బరువును అందుకునే భంగిమ ఇదే. భుజాలు, వీపు, తుంటి, చీలమండ అన్నీ బాగా కదలగలిగినవారికే ఇది సాధ్యం. బలం కంటే నిలకడను, కీళ్ళ సౌలభ్యాన్ని పరీక్షించడానికి శిక్షకులు దీనిని ఖాళీ కడ్డీతో లేదా కర్రతో చేయిస్తారు.

జెర్చర్ స్క్వాట్

బార్‌ను రెండు మోచేతుల మడతలలో ఉంచి, ఛాతీకి దగ్గరగా పట్టుకుని చేసే పద్ధతి. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరానికి చెందిన ఎడ్ జెర్చర్ పేరు మీదుగా దీనికి ఈ పేరు వచ్చింది. భుజాల నొప్పి వలన వీపుపై బార్ మోయలేనివారికి ఇది ప్రత్యామ్నాయం. మోచేతుల వద్ద కలిగే ఒత్తిడి దీనిలోని ఇబ్బంది.

చేయు విధానం

హై బార్, లో బార్ పద్ధతులు రెండింటికీ వర్తించే వరుస క్రమం ఇది.

1. ర్యాక్‌లో బార్‌ను ఛాతీ మధ్యభాగం ఎత్తులో ఉంచాలి. మునివేళ్ళపై లేస్తే గాని బార్ బయటకు రాని ఎత్తులో ఉంచితే, అలసిపోయి తిరిగి పెట్టేటప్పుడు ప్రమాదం.
2. బార్ మధ్యభాగాన్ని చూసుకుని, రెండు చేతులను భుజాలకు కొద్దిగా వెలుపల సమానదూరంలో ఉంచి గట్టిగా పట్టుకోవాలి.
3. రెండు పాదాలనూ బార్ క్రిందికి తెచ్చి, వీపుపై బార్‌ను సరిచూసుకుని, కాళ్ళ బలంతో నిటారుగా లేవాలి. ఒక కాలు ముందు, ఒక కాలు వెనుక పెట్టి లేవడం మంచిది కాదు.
4. రెండు, మూడు చిన్న అడుగులు మాత్రమే వెనక్కు వేయాలి.
5. మడమలు భుజాల వెడల్పులో, పాదాల కొసలు సుమారు 15 నుండి 30 డిగ్రీలు బయటకు తిరిగి ఉండాలి. లో బార్‌లో కొందరు మరింత వెడల్పుగా నిలబడతారు.
6. పొట్టలోనికి దిగేలా నిండుగా గాలి పీల్చి, పొట్ట కండరాలను బిగించాలి. కడుపులోని ఈ ఒత్తిడి నడుముకు లోపలి నుండి ఆసరా ఇస్తుంది.
7. తుంటి, మోకాళ్ళు ఒకేసారి వంచుతూ అదుపులో దిగాలి. మోకాళ్ళు పాదాల కొసలు చూపుతున్న దిక్కుకే పోవాలి. పాదమంతా, అంటే మడమ, బొటనవ్రేలి మొదలు, చిటికెనవ్రేలి మొదలు, నేలకు ఆని ఉండాలి.
8. నడుము గుండ్రంగా మారకుండా ఎంత లోతు దిగగలరో అంత వరకు దిగాలి.
9. లేచేటప్పుడు తుంటి, భుజాలు ఒకే వేగంతో పైకి రావాలి. కష్టమైన భాగం దాటాక గాలి వదలవచ్చు.
10. అనుకున్న సార్లు పూర్తయ్యాక ముందుకు నడిచి, బార్ ర్యాక్ స్తంభాలకు తగిలిన తరువాతే క్రిందికి దించాలి. కొక్కేలను చూస్తూ వంగడం తగదు.

భంగిమ సరిగా ఉన్నదో లేదో తెలుసుకోవడానికి సులువైన పద్ధతి ఒకటి ఉంది. ఒకరు ప్రక్కన నిలబడి బార్ చివరను మాత్రమే గమనించాలి. అది పాదమధ్యం పైన నిలువుగా దిగి నిలువుగా లేస్తే ఆ వ్యక్తి మొండెం వాలు అతని శరీరానికి సరిపోయినట్లే. బార్ వ్రేళ్ళ వైపుకు గాని, మడమ వైపుకు గాని పోతుంటే ఏదో సరిచేయవలసి ఉంది. సెల్‌ఫోనుతో ప్రక్క నుండి వీడియో తీసుకుని కూడా దీనిని చూసుకోవచ్చు.

మోకాళ్ళ గురించిన అపోహ

మోకాళ్ళు కాలి వ్రేళ్ళను దాటి ముందుకు రాకూడదన్న సూచన వ్యాయామశాలలలో తరచుగా వినిపిస్తుంది. దీనిని పరీక్షించడానికి ఆండ్రూ ఫ్రై, ఆయన సహచరులు చేసిన అధ్యయనం 2003లో వెలువడింది. సాధన ఉన్న ఏడుగురు పురుషుల చేత, వారి శరీర బరువుకు సమానమైన బరువుతో, మామూలుగా ఒకసారి, మోకాళ్ళు ముందుకు రాకుండా అడ్డుపెట్టి ఒకసారి స్క్వాట్ చేయించారు. అడ్డు పెట్టినప్పుడు మోకాలి వద్ద భ్రామకం సగటున సుమారు 150 నుండి 117 న్యూటన్ మీటర్లకు తగ్గింది. కాని తుంటి వద్ద అది సుమారు 28 నుండి 302 న్యూటన్ మీటర్లకు పెరిగింది. మొండెం మరింత ముందుకు వాలింది. మోకాలికి కొద్దిపాటి ఉపశమనం కోసం తుంటికి, నడుముకు ఎన్నో రెట్లు భారం పెంచినట్లయింది.

దీనిని బట్టి మోకాళ్ళను బలవంతంగా వెనుక ఆపడం అందరికీ మేలు చేసే సూచన కాదని అర్థమవుతుంది. ముఖ్యంగా హై బార్, ఫ్రంట్ స్క్వాట్ చేసేవారికి ఈ సూచన పొసగదు. మోకాలి నొప్పి ఉన్నవారు లో బార్ పద్ధతికి మారి ఆ భారాన్ని కొంత తగ్గించుకోవచ్చు. నడుము నొప్పి ఉన్నవారికి ఫ్రంట్ స్క్వాట్ అనుకూలించవచ్చు. నొప్పి ఉన్నప్పుడు ముందుగా వైద్యుని సంప్రదించడం అవసరం.

శరీర నిర్మాణం

ఒకే బార్ స్థానంతో, ఒకే శిక్షకుని వద్ద నేర్చుకున్న ఇద్దరి భంగిమలు కూడా ఒకేలా ఉండవు. తొడ ఎముకలు పొడవుగా, మొండెం పొట్టిగా ఉన్నవారికి తుంటి ఎక్కువ వెనక్కు పోతుంది, కనుక వారు ఎక్కువగా ముందుకు వాలక తప్పదు. తొడలు పొట్టిగా, మొండెం పొడవుగా ఉన్నవారు సహజంగానే నిటారుగా కూర్చుంటారు. తుంటి గిన్నె లోతు, తొడ ఎముక తల దిశ మనిషి మనిషికీ మారతాయి కాబట్టి పాదాల మధ్య దూరం కూడా మారుతుంది.

చీలమండ బిగువు మరొక కారణం. చీలమండ వంగకపోతే మోకాలు ముందుకు రాలేదు, మడమ లేస్తుంది. వెయిట్ లిఫ్టింగ్ బూట్లకు మడమ ఎత్తుగా, గట్టిగా ఉండేది ఇందుకే. పరుగుకు వాడే మెత్తటి బూట్లు బరువు క్రింద నలిగి తూలుతాయి కనుక స్క్వాట్‌కు తగవు.

సాధారణ దోషాలు

* మోకాళ్ళు లోపలికి ముడుచుకోవడం: లేచేటప్పుడు ఎక్కువగా కనిపిస్తుంది. బరువు తగ్గించి, మోకాళ్ళను పాదాల వైపుకు నెట్టడం అలవాటు చేయాలి.
* పిరుదులు ముందుగా లేవడం: తుంటి లేచి భుజాలు వెనుకబడితే స్క్వాట్ కాస్తా నడుముతో లేపే బరువుగా మారుతుంది. వాలు ఎక్కువగా ఉండే లో బార్‌లో దీనిని గుర్తించడం కష్టం.
* నడుము గుండ్రంగా మారడం: తన కీళ్ళు అనుమతించే లోతును దాటి దిగినప్పుడు వస్తుంది. లోతు తగ్గించాలి, లేదా పాదాల వెడల్పు మార్చి చూడాలి.
* మడమలు లేవడం: బార్ ముందుకు జరిగిందనడానికి గుర్తు.
* ఫ్రంట్ స్క్వాట్‌లో మోచేతులు వాలిపోవడం: బార్ జారడానికి ఇదే మొదటి మెట్టు.
* స్థానం ఒకటి, భంగిమ మరొకటి: బార్‌ను హై బార్ స్థానంలో ఉంచి, లో బార్ వలె పిరుదులను వెనక్కు నెట్టి బాగా వంగడం. బార్ తుంటి నుండి దూరంగా ఉన్నందున నడుముపై భారం మిక్కిలి పెరుగుతుంది.

జాగ్రత్తలు

స్క్వాట్‌లో బరువు మనిషి పైన ఉంటుంది. లేవలేకపోతే క్రింద చిక్కుకుపోయే ప్రమాదం ఉంది. కావున ర్యాక్ లోపల, రెండు ప్రక్కలా అడ్డుకడ్డీలు అమర్చుకుని చేయడం అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త. ఈ కడ్డీలు తాను దిగే అత్యంత క్రింది స్థానంలో బార్ ఉండే ఎత్తు కంటే కొద్దిగా తక్కువలో ఉండాలి. లేవలేనప్పుడు బార్‌ను వాటిపై దించి బయటకు రావచ్చు. భంగిమను బట్టి దిగే లోతు, బార్ ఎత్తు మారతాయి కనుక, బార్ స్థానం మార్చిన ప్రతిసారీ అడ్డుకడ్డీల ఎత్తును ఖాళీ బార్‌తో సరిచూసుకోవాలి.

సహాయకుడు ఒక్కడే ఉంటే వెనుక నిలబడి, చేతులను మోసేవాని ఛాతీ క్రింద సిద్ధంగా ఉంచాలి. భారీ బరువులకు బార్ రెండు చివరలా ఒక్కొక్కరు ఉండాలి. ఫ్రంట్ స్క్వాట్‌లో బరువు అదుపు తప్పితే మోచేతులు దించి బార్‌ను ముందుకు వదిలి, తాము వెనక్కు తప్పుకోవాలి.

క్రొత్తవారు ముందుగా బరువు లేకుండా, తరువాత ఖాళీ బార్‌తో నేర్చుకుని, ఆ తరువాతే పలకలు వేయాలి. పురుషుల ఒలింపిక్ బార్ 20 కిలోలు, మహిళల బార్ 15 కిలోలు ఉంటుంది. ఖాళీ బార్ కూడా బరువే అన్న సంగతి మరచి, పలకలను మాత్రమే లెక్కించడం క్రొత్తవారు తరచుగా చేసే పొరపాటు. 20 కిలోల బార్‌కు ఇరువైపులా పది కిలోల పలకలు వేస్తే మొత్తం 40 కిలోలు. పలకలు జారకుండా క్లిప్పులు తప్పక పెట్టాలి.

బరువు క్రింద ఊపిరి బిగబట్టినప్పుడు రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. అధిక రక్తపోటు, గుండె జబ్బు, హెర్నియా, కంటి రెటీనా సమస్యలు ఉన్నవారు వైద్యుని సలహా లేకుండా భారీ స్క్వాట్ చేయకూడదు.

పోటీలలో స్క్వాట్

అంతర్జాతీయ పవర్ లిఫ్టింగ్ సమాఖ్య నిబంధనల ప్రకారం తుంటి కీలు వద్ద కాలి పైభాగం మోకాలి పైభాగం కంటే క్రిందికి దిగాలి. ప్రధాన న్యాయనిర్ణేత సంకేతం ఇచ్చాకే దిగడం మొదలుపెట్టాలి, మరొక సంకేతం ఇచ్చాకే బార్‌ను ర్యాక్‌లో పెట్టాలి. లేచే క్రమంలో బార్ మళ్ళీ క్రిందికి దిగినా, పాదాలు అడుగు కదిలినా ప్రయత్నం చెల్లదు. ముగ్గురు న్యాయనిర్ణేతలలో ఇద్దరు తెల్లదీపం వెలిగిస్తే ప్రయత్నం చెల్లుతుంది. ఒక్కొక్కరికి మూడు ప్రయత్నాలు ఉంటాయి.

వెయిట్ లిఫ్టింగ్‌లో స్నాచ్, క్లీన్ అండ్ జర్క్ అనే రెండు అంశాలు ఉన్నాయి. స్నాచ్‌లో క్రీడాకారులు సాధారణంగా బరువును ఓవర్‌హెడ్ స్క్వాట్ భంగిమలోను, క్లీన్‌లో ఫ్రంట్ స్క్వాట్ భంగిమలోను అందుకుని లేస్తారు. మహిళల వెయిట్ లిఫ్టింగ్‌కు తొలిసారి స్థానం లభించిన 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లేశ్వరి 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం సాధించింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఈమె. 2018 గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడలలో స్టూవర్టుపురానికి చెందిన రాగాల వెంకట రాహుల్ 85 కిలోల విభాగంలో మొత్తం 338 కిలోలతో స్వర్ణ పతకం గెలిచాడు. పోటీలో స్క్వాట్ అనే పేరు వినిపించకపోయినా, ఇటువంటి విజయాల వెనుక ఏళ్ళ తరబడి చేసిన స్క్వాట్ సాధన ఉంటుంది.

ఏ స్థానాన్ని ఎంచుకోవాలి

పవర్ లిఫ్టింగ్ లక్ష్యంగా ఉన్నవారికి లో బార్, వెయిట్ లిఫ్టింగ్ నేర్చుకునేవారికి హై బార్, ఫ్రంట్ స్క్వాట్ అనుకూలం. కేవలం ఆరోగ్యం కోసం, కాళ్ళ బలం కోసం చేసేవారు తమ భుజాలకు, చీలమండలకు, నడుముకు ఏది ఇబ్బంది కలిగించదో దానిని ఎంచుకోవచ్చు. ఏది ఎంచుకున్నా దానికి తగిన భంగిమనే పాటించాలి. ప్రక్కవారి వాలును చూసి తన వాలును సరిచేసుకోవడం కంటే, బార్ పాదమధ్యం పైన ఉన్నదా లేదా అని చూసుకోవడం మేలు.

ఇవి కూడా చూడండి

* బస్కీలు
* గుంజీళ్ళు
* వెయిట్ లిఫ్టింగ్
* పవర్ లిఫ్టింగ్
* కరణం మల్లేశ్వరి
* గరిమనాభి